మాండవ్య శాపంలో ‘చతుర్దశమాత్’: ఆ ‘మ’ ఉందా, లేదా?

కరపత్రం:
పెద్దలందరికీ నమస్కారం. మహాభారతంలో, చిన్నప్పుడు తూనీగకు గడ్డిపరక గుచ్చిన పాపానికి తనను కొఱ్ఱెక్కించావని మాండవ్యుడు యముణ్ని శపించే చోట ‘ఆ చతుర్దశ… వర్షాన్న భవిష్యతి పాతకమ్’ అని ఒక ముక్క నోట్లో నలుగుతోంది. మధ్యలో ఒక అక్షరం జారిపోయింది. బాలల న్యాయ చట్టం గురించి తల్లిదండ్రులకు పంచే కరపత్రం నెత్తిన ఆ శ్లోకం వేద్దామని. అసలు పాఠం ఏమిటి? కింద తాత్పర్యంగా ‘పద్నాలుగేళ్ల లోపు’ అని రాయాలా, ‘పదమూడు నిండేదాకా’ అనా? లోపల ‘18 ఏళ్ల వరకు బాలలే’ అన్న వాక్యం కూడా ఉంది, అదీ ఒకసారి చూడండి.

హలంత్యం:
‘ఆ చతుర్దశమాద్వర్షాన్న భవిష్యతి పాతకమ్ / పరేణ కుర్వతామేవం దోష ఏవ భవిష్యతి.’ అంటే పద్నాలుగో ఏటి దాకా పాపం అంటదు, ఆపైన చేస్తేనే దోషం. జారింది ‘మ’. అది లేకపోతే పాదానికి ఏడక్షరాలే మిగులుతాయి.

అరసున్న:
ఏడక్షరాలైనా సరే, ‘మ’కు అక్కడ చోటు లేదండీ. ‘నాంతాదసంఖ్యాదేర్మట్’ అని పాణిని సూత్రం: నకారాంత సంఖ్యకు ‘ఎన్నోది’ అనే అర్థంలో ‘మ’ (మట్ ప్రత్యయం) చేరుతుంది. పంచమ, సప్తమ, దశమ వరకు పేచీ లేదు. ముందు ఇంకో సంఖ్య అంటుకుంటే మట్ రాదు. పద్నాలుగోది చతుర్దశమే, చతుర్దశమం కాదు. వ్యాసుడు కాబట్టి చెల్లింది.

హలంత్యం:
ఆర్షం (ఋషి ప్రయోగం) అని ఒప్పుకుంటూనే చోటు లేదంటే ఎలా? చోటు ఆయనే చేసుకున్నాడు. పైగా ‘వర్షాత్’ ఏకవచనం. పద్నాలుగేళ్లు కాదు, పద్నాలుగో ఏడు. ‘మ’ ఉన్నా లేకున్నా అది పూరణమే, అంటే ఎన్నోది అని చెప్పే సంఖ్యే.

వకాల్తా:
మీరిద్దరూ ‘మ’ పట్టుకుని లాగుతున్నారు గానీ పేచీ అంతా మొదటి ‘ఆ’లో ఉంది. ‘ఆఙ్ మర్యాదాభివిధ్యోః’: ఈ ‘ఆ’కు హద్దును వదిలేసే ‘దాకా’ (మర్యాద), హద్దును కలుపుకునే ‘దాకా’ (అభివిధి) అని రెండర్థాలు. మర్యాద అనుకుంటే పద్నాలుగో ఏడు మొదలవగానే, అంటే పదమూడు నిండగానే, పాపం లెక్కకు వస్తుంది. అభివిధి అనుకుంటే పద్నాలుగు నిండేదాకా రాదు. నడుమ ఏడాది తేడా.

కరపత్రం గారు అడిగిన ‘18 ఏళ్ల వరకు’ కూడా ఇదే జబ్బు. 2015 బాల న్యాయ చట్టం 3వ సెక్షన్‌లో మొదటి సూత్రం, 18 ఏళ్ల వయసు వరకు ఏ బాలుడికీ దురుద్దేశం గానీ నేరబుద్ధి గానీ లేదనే భావించాలంటుంది. అక్కడా ‘వరకే’. అదృష్టవశాత్తూ 2వ సెక్షన్ నిర్వచనంలో ‘18 సంవత్సరాలు పూర్తికాని’ అని తేల్చేశారు. కాబట్టి ‘18 నిండని’ అని మార్చండి. ‘లోపు’, ‘వరకు’, ‘దాకా’ మూడూ కొట్టేయండి. ఇంకోటి, నిండాయా లేదా అన్నది నేరం జరిగిన తేదీకి చూస్తారు. పట్టుబడిన తేదీకి కాదు, కేసు తేలిన తేదీకి అసలే కాదు.

యతిభంగం:
పాణిని సూత్రాల వ్యాఖ్య కాశికలో మర్యాదకు ఉదాహరణ ‘ఆ పాటలిపుత్రాద్వృష్టో దేవః’. వాన పాటలిపుత్రం పొలిమేర దాకా కురిసింది, ఊళ్లో చుక్క పడలేదు. అభివిధికి ‘ఆ కుమారేభ్యో యశః పాణినేః’. పాణిని కీర్తి కుర్రాళ్లను కూడా కలుపుకుంది. మాండవ్యుడిది కుర్రాళ్ల సంగతి కాబట్టి అభివిధే అని నా ఓటు.

అరసున్న:
ఉదాహరణలో కుర్రాళ్లున్నారని అభివిధా! ఈ లెక్కన వానాకాలంలో పట్టుబడితే మర్యాద అంటారేమో.

వకాల్తా:
నవ్వులాటకు బాగానే ఉంది గానీ పూరణానికీ నిండిన ఏడుకీ మధ్య ఉన్న ఈ సందులోనే పిల్లలు పెద్దల జైలుకు పోతుంటారు. మనవాళ్లు వయసు నడిచే ఏటితో చెబుతారు. ‘పద్దెనిమిదో ఏడు నడుస్తోంది’ అంటే నిండినవి పదిహేడు. స్టేషన్‌లో తండ్రి ‘పద్దెనిమిది నడుస్తున్నాయి సార్’ అంటాడు, కాగితం మీద ‘వయసు 18’ అని పడుతుంది. రిమాండ్ రిపోర్టులోకి అదే ఎక్కుతుంది. మేజిస్ట్రేట్ ముందు పిల్లవాడి మీసకట్టు చూసి ఎవరూ మారు అడగరు.

అందుకని కరపత్రంలో పెద్దక్షరాలతో వేయాల్సిన వాక్యం ఇది: వయసు చెప్పొద్దు, పుట్టిన తేదీ చెప్పండి. కాగితం చూపించండి. 94వ సెక్షన్ వరస ప్రకారం మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఈ రెండు రకాలూ లేనప్పుడే ఎముకల పరీక్ష. అది ఆదేశించిన నాటి నుంచి 15 రోజుల్లో పూర్తికావాలి. ఎముకల పరీక్షలో అటో ఇటో రెండేళ్ల తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో అంది. చేతిలో మెమో ఉంచుకుని పరీక్షకు తలూపే కుటుంబాలు ఉత్తపుణ్యానికి ఆ రెండేళ్ల జూదం ఆడుతున్నట్టు.

ఆధార్ ఆ వరసలో లేదు. బదిలీ సర్టిఫికెట్ మీదా భరోసా పెట్టుకోవద్దు. అది 94వ సెక్షన్ అడిగే పత్రం కాదని 2023లో యువప్రకాశ్ తీర్పు చెప్పింది.

కరపత్రం:
అప్పటికే జైలుకు పంపేసి ఉంటే?

వకాల్తా:
9వ సెక్షన్. మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా చెప్పుకోవచ్చు, కేసు పూర్తిగా ముగిశాక కూడా. కోర్టు విచారించి తేల్చాల్సిందే, తేలితే బాల న్యాయ బోర్డుకు పంపాల్సిందే. వీలైతే మొదటి రిమాండ్ నాడే మెమో నకలుతో అర్జీ ఇవ్వడం మేలు.

పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, బాల న్యాయ బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఎట్టి పరిస్థితిలోనూ ఉంచరాదు. సంకెళ్లు వేయరాదు. ఏ వాంగ్మూలం మీదా పిల్లవాడితో సంతకం పెట్టించుకోరాదు. లాయర్ లేకపోతే ఉచితంగా ఇప్పించే బాధ్యత బోర్డుదే.

బెయిల్ దగ్గర కుటుంబాలు చేసే పొరపాటు ఇంకోటి ఉంది. 12వ సెక్షన్ కింద నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా విడుదలే నియమం. ఆపడానికి కారణాలు మూడే: తెలిసిన నేరగాళ్ల సావాసంలో పడతాడనో, అతనికే నైతికంగానో శారీరకంగానో మానసికంగానో ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో. కన్నవాళ్లు సిగ్గుపడో కోపంతోనో బోర్డుకు రాకపోతే, ‘ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు’ అన్న మాట ప్రొబేషన్ అధికారి నివేదికలోకి ఎక్కి రెండో కారణానికి ఊతమవుతుంది. ఆ నివేదిక రెండు వారాల్లో రావాలి. ఆయన ఇంటికి వచ్చినప్పుడు తలుపు తీయడం బెయిల్ పనిలో సగం. బెయిల్ వచ్చినా ఏడు రోజుల్లో షరతులు తీర్చలేకపోతే మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించమనాలి. ఇది చాలామంది అడగనే అడగరు.

శకటరేఫ:
ఆలస్యంగా వచ్చాను. ఎవరూ ఎత్తలేదేం, ‘లాలయేత్ పంచ వర్షాణి దశ వర్షాణి తాడయేత్ / ప్రాప్తే తు షోడశే వర్షే పుత్రం మిత్రవదాచరేత్’? ఇక్కడ మొదటి రెండు కాలపరిమితులు, మూడోది పూరణం. అయిదూ పదీ పదిహేను. షోడశ వర్షం ప్రాప్తించడమంటే పదిహేను నిండడమే. లెక్క గంటు లేకుండా అతికింది. మాండవ్యుడిదీ ఇలాగే చదవాలి: పద్నాలుగో ఏడు ప్రాప్తించేదాకా. మర్యాదే.

వకాల్తా:
లెక్క బాగుంది. పిల్లవాణ్ని పెద్దవాడిగా విచారించాలా అని తేల్చే 15వ సెక్షన్ దగ్గర మాత్రం ఈ షోడశం మోసం చేస్తుంది. అది పదహారు నిండినవాళ్లకే. పదహారో ఏట ఉన్న పిల్లవాడు దాని కిందకు రాడు. పత్రికల్లో ‘16-18 ఏళ్ల వారిని పెద్దలుగా విచారిస్తారు’ అని టోకున రాసేస్తారు, అదీ తప్పే. కనీస శిక్ష ఏడేళ్లు లేదా ఆపైన ఉన్న ఘోర నేరమైతేనే ఆ ప్రశ్న లేస్తుంది. గరిష్ఠం ఎంత పెద్దదైనా ‘కనీసం’ అన్న మాట లేకపోతే అది ఘోరం కాదు, తీవ్రం. 2020లో శిల్పా మిత్తల్ తీర్పు అలా అంది, 2021 సవరణ దాన్ని చట్టంలోకి తెచ్చింది.

ఘోర నేరమైనా నేరుగా పెద్దల కోర్టుకు తోసేయరు. బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక అంచనా వేయాలి: మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానం అర్థం చేసుకునే శక్తి, ఏ పరిస్థితుల్లో చేశాడు. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఆ అంచనా మీద 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు. ఆ గడువు చేజార్చుకోవడం ఇక్కడ మామూలుగా జరిగే నష్టం. పెద్దవాడిగా విచారించినా ఉరి లేదు, విడుదలకు వీల్లేని యావజ్జీవమూ లేదు.

హలంత్యం:
ఒక సంగతి వదిలేశారు. కొన్ని ప్రతుల్లో చతుర్దశానికి ముందే ఇంకో హద్దు ఉంది: ‘బాలో హి ద్వాదశాద్వర్షాజ్జన్మతో యత్కరిష్యతి / న భవిష్యత్యధర్మోఽత్ర’. అక్కడ ద్వాదశమాత్ కాదు, ద్వాదశాత్. అదే నోట రెండు పద్ధతులు. ‘హి’ చేరడంతో పాదం నిండింది, ‘మ’ అక్కర్లేకపోయింది. పన్నెండు పాత హద్దు, పద్నాలుగు మాండవ్యుడు కొత్తగా గీసింది.

అరసున్న:
అంటే నేను మొదట్నుంచీ చెబుతున్నదే. పాదం నిండితే ‘మ’ రాదు.

వకాల్తా:
ఆ పన్నెండు ఇప్పటికీ ఉంది. భారతీయ న్యాయ సంహితలో 20వ సెక్షన్: ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. 21: ఏడు దాటి పన్నెండు లోపు ఉన్నవాళ్లకు చేసిన పని స్వభావం, ఫలితం గ్రహించే పరిపక్వత లేకపోతే నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో 82, 83.

యతిభంగం:
తూనీగ తోకకు గడ్డిపరక గుచ్చినందుకు మనిషిని కొఱ్ఱున వేయడం! మూలంలో పతంగికలు, తెలుగులో మనకు ఎప్పుడూ తూనీగలే. తిక్కనగారు గుర్తొస్తున్నారు. శపించబడిన యముడే విదురుడై ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి నీతి చెబుతాడు, తిక్కన ఆ మాటల్ని తేలిక తెలుగులో పెట్టిన తీరు…

శకటరేఫ:
వచ్చేశారు తిక్కన దగ్గరికి. ఈ గుంపులో ‘శ్రీ’ గురించి అడిగినా అయిదో పోస్టులో తిక్కన ఉంటాడు.

యతిభంగం:
అయిదో పోస్టు కాదు, పదహారో పోస్టు దాకా ఆగాను. ఇది మర్యాదా, అభివిధా?

హలంత్యం:
యముడు విదురుడిగా ఉన్న నూరేళ్లూ దండం అర్యముడు పట్టాడని భాగవతం ప్రథమ స్కంధం. ‘అబిభ్రదర్యమా దండం’. ఇన్‌ఛార్జి అన్నమాట. బోర్డులో కూడా మేజిస్ట్రేట్ ఒక్కడే కాదు కదా?

వకాల్తా:
ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ కావాలి. దండం మాటకొస్తే బాల న్యాయ చట్టం 18వ సెక్షన్‌లో మందలింపు నుంచి సమాజ సేవ, ప్రొబేషన్, మహా అయితే మూడేళ్ల ప్రత్యేక గృహం దాకా ఉన్నాయి. జరిమానా కన్నవాళ్లు కట్టాల్సి రావచ్చు.

కన్నవాళ్ల మీదకే నేరుగా వచ్చేది మాత్రం మోటారు వాహనాల చట్టం 199ఎ. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా తీశాడనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో రుజువు చేసుకునే భారం పెద్దవాళ్లదే. తాళం కొక్కేనికి వేలాడుతుంటే ఆ రుజువు కష్టం.

కరపత్రం:
‘నిండని’ అని మార్చాను. పుట్టిన తేదీ వాక్యం పైకి తెచ్చాను. శ్లోకం కింద ఏం రాయను మరి? ఒకరు పదమూడంటున్నారు, ఒకరు పద్నాలుగు.

శకటరేఫ:
పదమూడు.

యతిభంగం:
పద్నాలుగు. ‘పరేణ కుర్వతామ్’ చూడండి. ‘దాని తర్వాత చేసేవారికి’. ఏ దాని తర్వాత? పద్నాలుగో ఏటి తర్వాత. ఆ ఏడు హద్దులోపలే ఉంది.

అరసున్న:
‘నిండని’తో అంతా తేలిందనుకోకండి. నిండడం ఎప్పుడు? 1875 మెజారిటీ చట్టం పుట్టినరోజును పూర్తిరోజుగా లెక్కేసి, 18వ వార్షికోత్సవం మొదలవగానే మేజర్ అంటుంది. 1986లో ప్రభు దయాళ్ సెస్మా తీర్పు 1956 జనవరి 2న పుట్టినవాడికి 1984 జనవరి 1తోనే 28 నిండాయంది, వార్షికోత్సవానికి ముందురోజే.

వకాల్తా:
అర్ధరాత్రి గీత ఒకటే కదండీ. జనవరి 1 అర్ధరాత్రి, జనవరి 2 మొదలు.

అరసున్న:
గీత ఒకటే, రోజు రెండు. పుట్టినరోజుకు ముందునాటి సాయంత్రం ఆరింటికి కొట్లాట జరిగితే వాడు బోర్డుకా, కోర్టుకా? ‘ముందురోజే’ అన్న ‘ఏ’ ఎక్కడ తగులుతుందో చూసి చెప్పండి.

హలంత్యం:
దానికి వేరే దారం (థ్రెడ్) తీయండి. ఇక్కడ ఇంకా ‘మ’ తేలలేదు.