పరాయి దేశంలో మతస్వేచ్ఛ గురించి అడగడం రాయబారి పనేనా?

వేకువ:
అమెరికా 1998లో అంతర్జాతీయ మతస్వేచ్ఛ చట్టం చేసి, ఈ ఒక్క పనికే ఒక రాయబారిని పెట్టింది. ఏటా దేశాలవారీగా నివేదిక వస్తుంది. పరిస్థితి మరీ ఘోరంగా ఉన్న దేశాలకు వేరే జాబితా ఉంది. సౌదీ అరేబియాను 2004లో అందులో చేర్చారు. కానీ 2006 నుంచి ఆంక్షలు వేయకుండా మినహాయింపు ఇస్తూనే ఉన్నారు. అవసరం ఉన్న దేశానికి ఒక న్యాయం, లేని దేశానికి ఇంకో న్యాయమా? ఇక ఆ రాయబారి మాట ఎవరు వింటారు?

తుమ్మెద:
వేకువ గారూ, మినహాయింపు విషయంలో మీరన్నది నిజం. అది ఆ పదవికే మచ్చ. అయినా ఉజ్బెకిస్తాన్ సంగతి చూడండి. 2006లో జాబితాకెక్కింది. అక్కడ మతం పేరుతో జైలుపాలైనవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. ప్రభుత్వం గీసిన గీత దాటి తమ మతాన్ని పాటించడమే చాలామంది చేసిన నేరం. 2018లో ఆ దేశాన్ని జాబితా నుంచి తీసి, ఒక మెట్టు కిందున్న నిఘా జాబితాలో పెట్టారు. 2019లో పేరుమోసిన జస్లిక్ జైలు మూతపడింది. 2020లో నిఘా జాబితా నుంచి కూడా తీసేశారు.

ఏటిగట్టు:
ఆ ఘనత రాయబారిదేనంటే ఒప్పుకోను. 2016లో ఉజ్బెక్ అధ్యక్షుడు కరిమోవ్ చనిపోయి, ఆ పదవిలోకి మిర్జియోయెవ్ రాకపోతే ఏదీ కదిలేది కాదు. పైగా, అసలు మూల్యం చెల్లించేది లోపలివాళ్లే. పాకిస్తాన్‌లో దైవదూషణ కేసులో ఆసియా బీబీ అనే క్రైస్తవ మహిళకు 2010లో మరణశిక్ష పడింది. ఆమె తరఫున మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌నూ, ఆ చట్టాన్ని మార్చాలన్న కేంద్ర మంత్రి షాబాజ్ భట్టీనీ 2011లో కాల్చి చంపారు. చివరికి 2018లో ఆమెను నిర్దోషి అన్నది కూడా పాకిస్తాన్ సుప్రీంకోర్టే. బయటి రాయబారి ప్రకటన చేసి విమానమెక్కి వెళ్లిపోతాడు. ఆ రాత్రి అక్కడే పడుకోవాల్సినవాళ్ల గురించి ఆలోచించారా?

తుమ్మెద:
ఆలోచించాను. అందుకే నేను అడిగేది ప్రకటనలు కాదు. ముందు ఖైదీ కుటుంబాన్ని, వకీలును కలవాలి. బయటికి చెప్పమంటారా, గుట్టుగా అడగమంటారా అని వాళ్లనే అడగాలి. కొత్త అధ్యక్షుడు తలుపు తీసిన రోజున చేతిలో ఖైదీల పేర్లు సిద్ధంగా ఉండాలి. ఏళ్ల తరబడి ఎవరూ రాసిపెట్టకపోతే ఆ పేర్లు ఎక్కడినుంచి వస్తాయి? నివేదిక విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

వేకువ:
పేర్లు రాసిపెట్టడం వరకు సరే, ఒప్పుకుంటాను. మరి సౌదీ జైల్లో ఉన్నవాడి పేరు కూడా అంతే గట్టిగా అడుగుతారా? నా గొడవల్లా అదొక్కటే.