వర్టస్ జీటీకి వింటర్ టైర్లా, ఆల్ సీజనా? జనవరిల మనాలి ప్లాన్

హన్మకొండ_జీటీ:
కారు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేరు). టైర్ల సైజు 205/55 ఆర్16, బరువు-వేగం గుర్తు 91వి. గాడి లోతు 2.5 మి.మీ.కి వచ్చింది, ఎట్లాగూ మార్చాలె. జనవరిల మనాలి, వీలైతే అటల్ టన్నెల్ దాటి సిస్సు దాకా పోవాల్నని ఉంది. హైదరాబాద్‌ల ఒకాయన ఇదే సైజుల వాడని వింటర్ టైర్లు నాలుగు సగం ధరకిస్తా అంటుండు. సైడ్‌వాల్ మీద 91టి, డాట్ నంబరు (తయారీ కోడ్) చివర 3520 ఉంది. అవే వేయించి ఏడాదంతా నడపొచ్చా? లేకుంటే ఆల్ సీజన్ వెతకాల్నా? మిగతా రోజులు హైదరాబాద్ హైవే, నెలకోసారి రామగుండం.

గాడిలోతు:
వద్దన్నా. ఫ్రీగా ఇచ్చినా వద్దు.

వింటర్ టైరు రబ్బరు 7 డిగ్రీల కింద కూడా గట్టిపడకుండా మెత్తగా ఉండేటట్టు చేస్తరు. ఆదిలాబాద్ ఏజెన్సీల డిసెంబర్ తెల్లారుజామున అంత చలి పడ్డా, పది కొట్టేసరికి ఎండ వచ్చేస్తది. అదే మే నెలల రామగుండం 45కి పోతే తారు 60 దాటుతది. దాని మీద ఆ మెత్తటి రబ్బరు, పైగా గాడుల నడుమ ప్రతి రబ్బరు ముక్క మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు. బ్రేకు తొక్కితే ముక్కలు వంగుతయ్, కారు ఆగడానికి ఇంకొన్ని మీటర్లు కావాలె. స్టీరింగ్ తిప్పినంక ఒక క్షణం ఆగి కారు తిరిగినట్టుంటది. మీది 250 ఎన్ఎం (ఇంజన్ తిప్పే బలం) మొత్తం ముందు చక్రాలకే పోయే బండి, ముందు రెండూ ఒక్క ఎండాకాలంల అంచులు తినేస్తయ్.

టి అంటే 190, వి అంటే 240 కి.మీ. వేగం. అంత ఎక్కడ కొడుతం అనుకోకుర్రి, ఆ అక్షరం టైరు వేడిని ఎంత తట్టుకుంటదో కూడా చెప్తది. 3520 అంటే 2020లో 35వ వారం. వాడకున్నా రబ్బరు ముసలిదైతది. మెత్తదనం కోసం కొనే టైరు గట్టిపడ్డంక ఇగ దేనికి? ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 15633 (కారు టైర్ల ప్రమాణం నంబరు) ఉందో లేదో కూడా చూడుర్రి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నయ్, అది లేని టైరు ఏ దారిల వచ్చిందో అడుగుర్రి.

ములుగురోడ్డు:
ఆల్ సీజన్ గురించి నాలుగు మాటలు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని అచ్చు వేసుకోవడానికి మంచు పరీక్ష ఏదీ అక్కర్లేదు, కంపెనీ తనంతట తాను వేసుకుంటుంది. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు పువ్వు ఉంటేనే మంచు మీద పరీక్ష నెగ్గినట్టు. ఆ గుర్తున్నది మీ సైజులో దొరికినా, వరంగల్ ఎండలో వింటర్ టైరు కంటే నయమే తప్ప మామూలు టైరుకు సాటి రాదు.

రానూ పోనూ 4,000 కి.మీ., అందులో మంచు 50 కూడా ఉండదు. మీకు అసలు కావలసింది వాన పట్టు. తాడ్వాయి అడవిలో జూలై వానలు, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి మీద పడే తొలకరి, 2.5 మి.మీ. గాడికి అవే ఎక్కువ ప్రమాదం. 91వి లేదా 91డబ్ల్యూ (వి కంటే ఎక్కువ వేగానికి) మామూలు టైర్లు నాలుగూ ఒకే రకం వేయించండి. తయారై ఆరు నెలలు దాటినవి వద్దనండి. అలైన్‌మెంట్ కూడా అదే రోజు.

చైన్‌బాబు:
మంచుకు టైర్ల మీద తొడిగే చైన్లు చాలు. పెట్టె మీద 205/55 ఆర్16 రాసి ఉండాలె, మీ బండికి ముందు చక్రాలకే వేయాలె. వేసినంక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు పైపుకు, స్ట్రట్‌కు (చక్రం పక్కన సస్పెన్షన్ భాగం) తగుల్తుందా చూడాలె. ఆ సందు తక్కువుంటే సన్నటి కడీలవే తీసుకోవాలె. 100 మీటర్లు పోయి దిగి మళ్లీ బిగించాలె. 40 దాటొద్దు. తారు కనపడంగనే తీసేయాలె, లేకుంటే తెగి ఫెండర్‌ను చీరుతది. ఇంటి ముంగట ఒకసారి వేసి తీయుర్రి, చేతులు కొంకర్లు పోయినప్పుడు నేర్చుకునే పని కాదు.

గాలి గురించి: ఇక్కడ 30 డిగ్రీలల్ల 33 పీఎస్ఐ కొట్టిస్తే, మైనస్ 5ల అయిదారు తగ్గుతది. అక్కడ కొట్టించుకోవాలె.

ములుగురోడ్డు:
చలి లెక్క సరే, ఎత్తు మరిచారు. సిస్సు 3,100 మీటర్ల పైన. బయటి గాలి ఒత్తిడి మన దగ్గరకంటే 4 పీఎస్ఐ దాకా తక్కువ, గేజీ అంతమేర ఎక్కువ చూపిస్తుంది. రెండూ కలిస్తే తగ్గేది ఒకటి, రెండే. లెక్కతో కాదు, పొద్దున్నే చల్లటి టైరు మీద గేజీ పెట్టి చూసి కొట్టించండి. అక్కడ కొట్టించింది నాగ్‌పూర్ వచ్చేసరికి ఎక్కువవుతుంది, దించేయాలి.

హన్మకొండ_జీటీ:
సరే, ఆ టైర్లు వద్దని చెప్పేస్తా. కొత్త మంచు పడితే టన్నెల్ దిక్కు పోనిస్తరా?

చైన్‌బాబు:
అప్పుడు పోలీసులు 4x4 (నాలుగు చక్రాలకూ పవర్ పోయే) బండ్లనో, చైన్లు వేసినవాటినో మాత్రమే పంపుతరు. కారు మనాలిల పెట్టి అక్కడి 4x4 మాట్లాడుకోవుడే నయం. రాత్రి చదును జాగల ఆపి గేరు పీల పెట్టుర్రి, హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, తెల్లారేసరికి గడ్డకట్టి పట్టుకుంటది. రేడియేటర్ల ఎవరైనా నల్లా నీళ్లు పోసిండ్రా, బయలుదేరే ముందే చూపించుర్రి. వైపర్ డబ్బాల ఉత్త నీళ్లుంటే అవీ గడ్డకడ్తయ్, తీసేయించుర్రి.