ఎలుక వెన్నుపాములో ఎక్కించిన నాడీ కణాలు నాలుగు వారాలకే ఎందుకు పోతున్నాయి?

వెన్నుపాము గాయాలపై స్టెమ్ సెల్స్‌తో పనిచేసేవాళ్ల సలహా కావాలి.

టీ10 (పదో ఛాతీ వెన్నుపూస) దగ్గర కంట్యూజన్ (దెబ్బకు నలిగిన) గాయం, తొమ్మిదో రోజున మనిషి ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి చేసిన స్టెమ్ సెల్స్) నుంచి చేసిన న్యూరల్ ప్రొజెనిటర్లు (నాడీ వ్యవస్థ కణాలుగా మారే తొలి కణాలు) ఎక్కిస్తున్నాం. మైక్రోలీటరుకు లక్ష కణాలు, మొత్తం 5 మైక్రోలీటర్లు, గాజు కేపిల్లరీతో నిమిషానికి 1 చొప్పున. ఆ తర్వాత సూదిని 5 నిమిషాలు అలాగే ఉంచుతున్నాం. తిరస్కరణను అణిచే మందు సైక్లోస్పోరిన్ రోజూ కిలోకు 10 మిల్లీగ్రాములు.

ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) లెక్కలో మొదట 90 శాతం బతికే ఉంటున్నాయి. ఐసు మీద రెండు గంటలు దాటితే మాత్రం ట్యూబు అడుగున జిగురు తీగలా సాగుతూ ఉండలు కడుతున్నాయి. చచ్చిన కణాల డీఎన్ఏ అని అనుమానం. ఇక సూది తీస్తుంటే రంధ్రం చుట్టూ తెల్లటి మబ్బులా ద్రవం వెనక్కి తన్నుకొస్తోంది.

నాలుగు వారాలకు కోతల్లో మనిషి కణాలు గాయపు గుంత అంచున పదో పాతికో. వాటిలోనూ ఎక్కువ జీఎఫ్ఏపీ అనే గుర్తు ప్రోటీన్‌కు పాజిటివ్, అంటే ఆస్ట్రోసైట్లు (నాడీ కణాలకు ఆసరాగా ఉండేవి). మైలిన్ తొడుగు వేసే ఒలిగోడెండ్రోసైట్లు దాదాపు లేవు.

జపాన్‌లోని కీయో విశ్వవిద్యాలయం 2021 డిసెంబరులో మొదటి వెన్నుపాము రోగికి ఎక్కించినవి ఇలాంటివే 20 లక్షల కణాలు. ఆ లెక్కన ఎలుకకు 5 లక్షలు తక్కువేం కాదు, మోతాదు పెంచడం దండగ.

డీఎన్ఏస్ (డీఎన్ఏను తెంచే ఎంజైమ్) ఎంత వేసి, ఎన్నిసార్లు కడుగుతున్నారు? గుంతకు పైనా కిందా రెండుచోట్ల ఎక్కిస్తే మేలా? కణాలను పట్టి ఉంచడానికి ఫైబ్రిన్ (రక్తపు గడ్డలోని ప్రోటీన్) జెల్ వాడేవాళ్లు కేపిల్లరీలోనే గడ్డకట్టకుండా త్రాంబిన్ (దాన్ని గడ్డకట్టించే ఎంజైమ్) ఎప్పుడు కలుపుతారు? రోగనిరోధక తిరస్కరణ సంగతి తేల్చుకోవడానికి ముందు థైమస్ లేని (అందుకే తిరస్కరించే టీ కణాలు లేని) న్యూడ్ ఎలుకల్లో చూడటమే సరైన దారా?