నల్లరేగడి పెరట్లో గార్డెన్ రైలు: 60 అడుగుల పొడిగింపు, చివర బెలూన్ లూప్. ట్రాక్ కింద బెడ్ ఎలా వేయాలి?

ప్లేనో ట్రాక్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఊరు ప్లేనో, టెక్సాస్. పెరట్లో 45 మి.మీ. గేజ్ (పట్టాల మధ్య దూరం) ఓవల్ ఒకటి ఉంది: ఎల్‌జీబీ కంపెనీ ఇత్తడి ట్రాక్, వంపులన్నీ ఆర్3 (దాదాపు 1.2 మీటర్ల వ్యాసార్ధం), మట్టి మీద రెండంగుళాల మందాన పరిచిన గుండ్రాళ్ల కంకర. నేల అచ్చం మన గుంటూరు పత్తి చేలలాంటి నల్లరేగడి. ఎండాకాలం వేలు దూరేంత నెర్రెలు, వాన పడితే ఉబ్బు.

ఇప్పుడు ఫెన్స్ వెంబడి 60 అడుగుల లైను వేసి, చివర బెలూన్ లూప్ పెట్టి రైలు వెనక్కి తిరిగొచ్చేలా చేయాలని ఉంది. ఆ 60 అడుగుల్లో నేల 14 అంగుళాలు కిందికి దిగుతుంది. అడగాల్సినవి ఇవి: కాంక్రీటు పోసేస్తే పీడ వదులుతుందా? ఈ వాలు ఇంజిన్ ఎక్కుతుందా? ఇప్పుడున్న 3 ఆంపియర్ల డీసీ పవర్ ప్యాక్ సరిపోతుందా? ఇంకోటి, ఓవల్‌లో ఫెన్స్ వైపు తిన్నని ముక్కలో ఒకేచోట బోగీలు పట్టాలు తప్పుతున్నాయి. కొత్త లైనులోనూ అదే తంతు కాకూడదు కదా.

రసమట్టం

ముందు చివరి ప్రశ్న తేల్చుకోండి, మిగతా వాటికి దారి అక్కడే ఉంది. అదే రైలును పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి తిప్పండి. మధ్యాహ్నం మాత్రమే తప్పితే ఇత్తడి వేడికి సాగి, దారిలేక పక్కకు వంకర తిరుగుతోందని అర్థం. రెండు పూటలా తప్పితే నేల కుంగింది. అప్పుడు చిన్న రసమట్టాన్ని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టి, అడుగుకోసారి జరుపుతూ బుడగ చూడండి. ఒక పట్టా ఎత్తు పల్లాలుగా ఉండటం పెద్ద దోషం కాదు. అడుగు దూరంలోనే ట్రాక్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరగడమే దోషం. బోగీకి నాలుగు మూలలూ ఒకేసారి ఆనక ఒక చక్రం గాల్లో ఉంటుంది, దాని అంచు పట్టా ఎక్కేస్తుంది. అడుగుకు ఒక మి.మీ. మించి మెలిక ఉంటే సరిచేయాల్సిందే.

కాంక్రీటు వద్దు. రెండు మూడు అంగుళాల పట్టీ ఈ నేల మీద పగలక మానదు. పగిలాక ఏ ముక్కకు ఆ ముక్క ఒరుగుతుంది, దాన్ని మళ్లీ లెవెల్‌కు తెచ్చే మార్గమే ఉండదు. లోతుగా స్తంభాలు దింపుదామంటే, మీ ప్రాంతంలో తేమకు కదిలే పొర చాలా లోతు వరకూ ఉంటుంది. రెండు మూడడుగుల స్తంభం ఆ పొరతోపాటే లేచి దిగుతుంది. ఈ నేల మీద లైను కదలకుండా ఆపలేం. కదిలినప్పుడు పది నిమిషాల్లో సరిచేసుకునేలా కట్టుకోవాలి, అంతే.

అందుకు నిచ్చెన బెడ్ సరైనది. సెల్యులార్ పీవీసీ ట్రిమ్ బోర్డు (1×6 అని అమ్ముతారు, అసలు మందం ముప్పావు అంగుళం, వెడల్పు ఐదున్నర), 12 అడుగులవి మూడు తీసుకోండి. రెండు బోర్డుల్ని ఒకటిన్నర అంగుళం పట్టీలుగా చీల్చి, ఒక్కో పట్టీని మందంలో మళ్లీ సగానికి చీలిస్తే, రంపం తినేది పోను 5/16 అంగుళం మందం పట్టీలు 12 వస్తాయి. మీకు కావాల్సింది పది. మూడో బోర్డు నుంచి రెండంగుళాల పొడవు బ్లాకులు 65 కోయండి. పట్టీల్ని నిలువుగా నిలబెట్టి, మధ్యలో అడుగుకో బ్లాకు పెట్టి, ముందు చిన్న బెజ్జం వేసుకుని స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగిస్తే 12 అడుగుల నిచ్చెనలు ఐదు తయారు. పట్టీలు పలచన కాబట్టి వంపులకూ వంగుతాయి, కానీ వంపులో ముందు పట్టీల్ని నేల మీద వంచి పెట్టుకుని, ఆ తర్వాతే బ్లాకులు బిగించాలి.

కింద మేకులుగా అర అంగుళం బూడిదరంగు ఎలక్ట్రికల్ కాండ్యూట్ (కరెంటు తీగలు దూర్చే పీవీసీ పైపు). తెల్ల నీళ్ల పైపు ఎండకు పెళుసెక్కుతుంది, బూడిదరంగుది ఎండకు తట్టుకునేలా చేసింది. మూడడుగులకొకటి చొప్పున 21 మేకులు: ఎత్తు తక్కువ ఉన్న మొదటి సగానికి 24 అంగుళాలవి 11, రెండో సగానికి 36 అంగుళాలవి 10. పదడుగుల పైపులు ఏడు తెస్తే సరి. మేకును బ్లాకుకు ఆనించి దింపి, బ్లాకులోంచి ఒక్క స్క్రూతో పట్టించండి. నేల కదిలినప్పుడు ఆ స్క్రూ విప్పి, నిచ్చెన ఎత్తో దించో మళ్లీ బిగించడమే.

జాగ్రత్త ఒకటుంది. పీవీసీ ఇత్తడి కంటే దాదాపు మూడు రెట్లు సాగుతుంది. 12 అడుగుల ముక్క 30 డిగ్రీల తేడాకు 6 మి.మీ. దాకా పెరుగుతుంది. నిచ్చెనకూ నిచ్చెనకూ మధ్య పావు అంగుళం వదిలి, కలిపే పలకకు ఒక పక్క బెజ్జం పొడవుగా కోయండి. ట్రాక్‌ను నిచ్చెనకు గట్టిగా స్క్రూ చేయకండి. స్లీపరుకు (పట్టాల కింది అడ్డపట్టీకి) తగలకుండా మూడు నాలుగు అడుగులకో వదులు క్లిప్పు చాలు.

మేకు దించే ముందు 811కి (తవ్వే ముందు భూగర్భ లైన్లు గుర్తు పెట్టించే నంబరు) ఫోన్ చేసి గ్యాస్, కేబుల్ లైన్లు గుర్తు పెట్టించుకోవడం మర్చిపోకండి. ఫెన్స్ వెంబడే అవి ఎక్కువగా పోతాయి.

గేజ్45

పైన చెప్పిన బెడ్‌తో ఏకీభవిస్తా, ఒక్క మాట తప్ప. 60 అడుగులకూ నిచ్చెన అక్కర్లేదు. ఓవల్ పక్కన నేల మట్టంగా ఉన్న మొదటి 20 అడుగులు కందకం పద్ధతిలో చేస్తే ఖర్చూ తగ్గుతుంది, చూడటానికీ నిజమైన లైనులా ఉంటుంది. ఎనిమిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు తవ్వి, కింద ల్యాండ్‌స్కేప్ గుడ్డ పరిచి, పొడి కలిసిన పావు అంగుళం లోపు క్రషర్ రాయి నింపి, నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టండి. 20 అడుగులకు నాలుగున్నర ఘనపుటడుగులు పడుతుంది.

మీ గుండ్రాళ్ల కంకర మాత్రం ముందు తీసేయండి. గుండ్రాయి దొర్లుతుంది, ట్రాక్‌ను పట్టి ఉంచదు. పదునైన అంచులున్న రాయే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని నిలబడుతుంది. పైపొరకు కోళ్లకు వేసే గ్రానైట్ గ్రిట్ బాగుంటుంది, ఫీడ్ స్టోర్లలో 50 పౌండ్ల సంచులుగా దొరుకుతుంది. ఆరంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం లెక్కన 60 అడుగులకు ఏడెనిమిది సంచులు, నిచ్చెన ఉన్నచోట ఇంకా తక్కువ. అగ్గి చీమలు కంకరలో పుట్ట పెడితే వారంలో ట్రాక్ లేస్తుంది. గుడ్డ వాటిని ఆపదు, పుట్ట కనబడగానే చూసుకోవాలి.

ఇక ఇత్తడి సాగుడు. డిగ్రీకి మీటరుకు 0.019 మి.మీ. మీ దగ్గర ఎండలో పట్టా 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. 20 డిగ్రీల రోజున వేసిన 60 అడుగుల లైను 60 డిగ్రీలకు 14 మి.మీ. పెరుగుతుంది. ఆ 14 మి.మీ.కి చోటివ్వకపోతే మీ ఫెన్స్ వైపు ముక్కకు పట్టిన గతే. ఐదడుగుల పట్టాలతో వేస్తే ప్రతి అతుకు దగ్గర ఒక మి.మీ. పైచిలుకు వదలాలి. పాత క్రెడిట్ కార్డు మందం 0.76 మి.మీ. 30 డిగ్రీల సాయంత్రం వేస్తూ కార్డును పట్టాల మధ్య పెట్టి, ఆనించి, తీసేస్తే లెక్కకు దగ్గరగా వస్తుంది. జనవరిలో వేస్తే రెండు కార్డులు. వంపుల్లో ఈ బాధ తక్కువ, వంపు మొత్తంగా కాస్త బయటికి జరిగి సర్దుకుంటుంది. అందుకే వంపును కంకరలో వదులుగా ఉంచాలి, రెండు చివరలా బిగించకూడదు. పొడవైన ముక్కకు మధ్యలో ఒక్కచోట మాత్రం కదలకుండా పట్టించండి, అక్కణ్నుంచి రెండు వైపులా సాగుతుంది.

వాలు: 60 అడుగులంటే 720 అంగుళాలు, 14 దిగితే 1.94 శాతం. ఎక్కుతుంది, కానీ బోగీలు పెరిగేకొద్దీ చక్రాలు జారతాయి. బెలూన్ లూప్‌లో పైకి ఎక్కాల్సొస్తే వంపు రాపిడి దీనికి తోడు. కాబట్టి లూప్ మొత్తం మట్టంగా ఉంచి, లైనును ఒక శాతంతో ఏడంగుళాలు మాత్రమే దించండి. మిగతా ఏడంగుళాలు చివర్లో నిచ్చెనను నేలకంటే పైన నిలబెట్టి, పక్కన రాళ్లతో కట్టేయొచ్చు. మట్టం నుంచి వాలుకు ఒకే అతుకు దగ్గర మారకండి, నాలుగడుగుల్లో మెల్లగా మార్చాలి. లేకపోతే ఇంజిన్ ముందుభాగం పట్టాకు తగులుతుంది, కప్లర్లు ఒకదాన్నొకటి విడిచేస్తాయి. లెవెల్ చూడటానికి తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు, 60 అడుగులకు లేజర్ అవసరం లేదు. ట్యూబులో గాలి బుడగ లేకుండా మాత్రం చూసుకోండి.

లూప్‌కు ఆర్3 అయితే వ్యాసం 2.39 మీటర్లు, బోగీ అంచులు, కంకర, పక్క గోడ కలుపుకుంటే తొమ్మిదడుగుల వెడల్పు ఉండాలి. అక్కడ ఫెన్స్‌కూ పూలమడికీ మధ్య ఎంత ఉంది? పాయింట్ (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోటు) కూడా ఆర్3దే పెట్టండి. 600 మి.మీ. వ్యాసార్ధం ఆర్1 పాయింట్ చవకే, పొడవాటి బోగీలు మొదట తప్పేది అక్కడే. పాయింట్ నుంచి లూప్‌లోకి ఒక పక్కకు వంగి వెంటనే ఇంకో పక్కకు వంగే ఎస్ వంపు వస్తుంది. మధ్యలో మీ అతి పొడవైన బోగీ అంత తిన్నని ముక్క పెట్టండి.

ప్లేనో ట్రాక్

ఇద్దరికీ చాలా థాంక్సండీ. అక్కడ పదకొండడుగులుంది, ఆర్3 పడుతుంది. తప్పడం మధ్యాహ్నం మాత్రమే, పొద్దున చక్కగా పోతోంది. అంటే సాగుడే కదా. ఇక పవర్ సంగతి? ఓవల్‌కు ఒక్క చోటే కనెక్షన్ ఉంది, అవతలి వైపు వెళ్లేసరికి రైలు నెమ్మదిస్తుంది.

వైపీ అభిమాని

సాగుడే. ఆ ముక్కలో రెండు జాయినర్లు (పట్టా చివరల్ని కలిపే లోహపు తొడుగులు) విప్పి, ఖాళీ ఇచ్చి చూడండి. అంతటితో పోతుంది.

రైలు నెమ్మదించడానికి కారణం పట్టా కాదు, జాయినర్లు. కోడ్ 332 (0.332 అంగుళం ఎత్తు) ఇత్తడి పట్టా బోలెడంత మందం, దానిలో పోయే వోల్టేజీ లెక్కలోకి రాదు. జాయినర్ లోపల నలుపెక్కిన పొరే నిరోధం. మీ స్ప్రింక్లర్ నీళ్లలో సున్నం ఉంటే పట్టా పైనా తెల్లటి పొర కడుతుంది. అది ఇసుకకాగితంతో కాదు, కర్రకు కట్టిన ఆకుపచ్చ గిన్నెల స్క్రబ్బర్‌తో తుడవాలి. ఇసుకకాగితం గీతల్లో మురికి ఇంకా తొందరగా పట్టుకుంటుంది.

ట్రాక్ పవరే ఉంచాలంటే జాయినర్ల బదులు స్టెయిన్‌లెస్ స్క్రూ క్లాంపులు వాడండి. క్లాంపు బిగిస్తే పట్టా జరగదు కాబట్టి 15, 20 అడుగులకొకచోట మామూలు జాయినర్‌కు కండక్టివ్ గ్రీజు పూసి ఖాళీ వదలండి. ఆ ఖాళీకి ఇవతలా అవతలా ఫీడర్ తీగలు (పవర్ ప్యాక్ నుంచి కరెంటు తెచ్చేవి) కలపండి. తీగ కోసం తోట దీపాలకు వాడే 12 గేజ్ రెండు తీగల భూగర్భ కేబుల్ బాగుంటుంది. 60 అడుగులకు పోను, రాను 3 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టులే పోతుంది. 14 గేజ్ అయితే 0.9. పవర్ ప్యాక్ షెడ్డులోనే, జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే) సాకెట్‌కే ఉండాలి, బయటికి 24 వోల్టుల లోపుదే రావాలి. ఒక్క రైలుకు 3 ఆంపియర్లు చాలు. దీపాలున్న బోగీలు పెంచి, రెండు ఇంజిన్లు కట్టి వాలు ఎక్కిస్తే చాలవు, అప్పుడు 5 కావాలి.

అసలు చిక్కు బెలూన్ లూప్. రెండు పట్టాల కరెంటులో లైను తిరిగొచ్చి తనను తాను కలిసే చోట ఎడమ పట్టా కుడి పట్టాకు తగులుతుంది, షార్ట్. లూప్‌కు రెండు చివరలా రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి వేరు చేయాలి. వేరు చేసిన ముక్క మీ అతి పొడవైన రైలు కంటే పొడవుండాలి. లేకపోతే ముందు చక్రాలు బయటికొచ్చేసరికి వెనక బోగీ ఇనుప చక్రాలు ఇంకా అవతలి ఖాళీ మీదే ఉండి షార్ట్ చేస్తాయి. మామూలు డీసీలో రైలు లూప్‌లో ఉండగా మెయిన్ లైను దిశ మార్చే ఏర్పాటు కూడా కావాలి. డీసీసీలో (పట్టాల ద్వారానే ఇంజిన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతిలో) రివర్స్ లూప్ మాడ్యూల్ ఆ పని తానే చేస్తుంది.

నా ఓటు బ్యాటరీకి. ఈ పొడిగింపు ఖర్చులో క్లాంపులు, కేబుల్, మాడ్యూల్ అన్నీ తీసేసి ఆ డబ్బు ఒక రేడియో రిసీవర్, ఆరు సెల్స్ లిథియం ప్యాక్ (22.2 వోల్టులు, 3 ఆంపియర్ అవర్లు) మీద పెట్టండి. 1.2 ఆంపియర్లు తాగే ఇంజిన్‌కు రెండు గంటలకు పైనే వస్తుంది. పట్టా మురికైనా, లూప్ ఎటు తిరిగినా బెంగ లేదు. ఇంజిన్‌లో చోటు లేకపోతే వెనక ఒక పెట్టె వ్యాగన్‌లో పెట్టొచ్చు. ఒక్కటే షరతు: ఆగస్టులో ప్యాక్‌ను షెడ్డులో వదలొద్దు, 45 డిగ్రీలు దాటిన సెల్‌ను ఛార్జింగ్‌కు పెట్టొద్దు. ఇంట్లోకి తెచ్చి చల్లారాకే.

పాయింట్ల దగ్గర తప్పుతుంటే చక్రాల లోపలి దూరం కొలవండి, 40 మి.మీ. ఉండాలి. వర్నియర్ లేకపోతే 40 మి.మీ.కి కోసిన అల్యూమినియం ముక్క చాలు. ప్లాస్టిక్ చక్రాలు మార్చి ఇనుపవి వేస్తే బరువు కిందికి దిగి సగం తంటాలు పోతాయి.

మాట వచ్చింది కాబట్టి: ఈ 45 మి.మీ. గేజ్ 1:22.5 స్కేలులో మన మీటర్‌గేజే. ఎవరైనా గుంతకల్ వైపు తిరిగిన వైపీ రకం ఆవిరి ఇంజిన్, దాని వెనక బోగీలు కట్టాలనుకుంటే బోగీ 85 సెం.మీ. అటూ ఇటూ వస్తుంది, ఆర్3 మీద వికారంగా ఉంటుంది. అప్పుడు 2.32 మీటర్ల వ్యాసార్ధం ఆర్5 లెక్కన చోటు చూసుకోవాలి.

గేజ్45

బ్యాటరీకే వెళ్తే లూప్ దగ్గర పాయింట్‌కు మోటారు కూడా వద్దు. స్ప్రింగు లివర్ పెడితే రైలు ఎప్పుడూ ఒకే దిక్కున లూప్ లోపలికి పోతుంది, వచ్చేటప్పుడు చక్రాలే నాలుకను (పాయింట్‌లో కదిలే పట్టా ముక్కను) నెట్టుకుని వస్తాయి. స్ప్రింగు మరీ బిగుతుగా ఉంటే ఖాళీ వ్యాగన్లు ఎక్కేస్తాయి, అతి తేలికైన వ్యాగన్‌ను చేత్తో తోసి చూసి సర్దండి. నాలుకకూ పట్టాకూ మధ్య గ్రిట్ పడకుండా పాయింట్ కింద కంకరకు బదులు చిన్న పలక వేయండి.

రసమట్టం

ఇంకొక్కటి. ఇంటి ఫౌండేషన్ కోసం సోకర్ హోస్ (పొడవునా నీళ్లు ఊరే పైపు) ఎలాగూ పెడతారు కదా, దాన్నొక పాయ ఫెన్స్ వెంబడి లైనుకు రెండడుగుల దూరంలో వేసి, జులై, ఆగస్టుల్లో వారానికి రెండుసార్లు తడపండి. నేలంతా ఒకే తేమలో ఉంటే నెర్రెలు రావు, లెవెల్ సరిచేసే పని బాగా తగ్గుతుంది. వాననీళ్లు మాత్రం ఇంటి వైపు కాకుండా అవతలికి పోయేలా నిచ్చెన కింద అక్కడక్కడా ఖాళీ వదలండి. రాళ్లతో పూర్తిగా మూసేస్తే మీ లైనే ఆనకట్ట అవుతుంది.