దేవరకద్ర ఎయిర్‌పోర్టు: 1,400 మీటర్ల రన్‌వే సరిపోదా?

కోయిల్‌సాగర్ ఆయకట్టు:
రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించిన ఆరు చిన్న ఎయిర్‌పోర్టుల్లో మన దేవరకద్ర కూడా ఉంది కదా. డెబ్బై మంది దాకా పట్టే చిన్న ఫ్యాన్ల విమానం ఏటీఆర్ 72 ఎగరడానికి సుమారు 1,300 మీటర్లు చాలని తయారీ కంపెనీయే చెబుతుంది. ఇంకో వంద కలిపి 1,400 వేసుకుంటే అయిపోతుంది. మరి రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు అని ఎందుకంటున్నారు? పెంచే ప్రతి వంద మీటర్లకూ ఎవరిదో ఒక చెలక పోతుంది. ఇప్పుడిప్పుడే నీళ్లు చూస్తున్న భూములివి. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఏఈ, మహబూబ్‌నగర్:
తమ్ముడూ, ఆ 1,300 అబద్ధం కాదు, కానీ అది మన ఊరి లెక్క కాదు. సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో, వాలు లేని రన్‌వే మీద వేసినది. మన పాలమూరు సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఎత్తు పెరిగినా, వేడి పెరిగినా గాలి పలచబడుతుంది. రెక్కలకు ఆ పట్టు చాలదు, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. అందుకని విమానం ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతి ప్రకారం ఎత్తు ప్రతి 300 మీటర్లకు 7 శాతం కలపాలి. మనకు సుమారు 12 శాతం పడుతుంది. 1,300 కాస్తా 1,456 అయింది. 500 మీటర్ల ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. మనం 40 వేసుకుందాం. తేడా 28. డిగ్రీకి 1 శాతం చొప్పున కలిపితే 1,860 దాటింది. నేల వాలు అర శాతం ఉన్నా ఇంకో 5 శాతం. మొత్తం దాదాపు 1,950 మీటర్లు. ఇంకో మాట: ఎత్తుకు, వేడికి కలిపి పెంపు 35 శాతం మించితే ఈ పైపై లెక్క చాలదు, ఆ స్థలానికి ప్రత్యేకంగా అధ్యయనం చేయాలి. మనది 43 శాతం వస్తోంది.

కొత్తకోట హైవే:
ఏఈ సార్, మీ లెక్కను కాదనను. కానీ అదంతా నిండు బరువుతో, నడి మధ్యాహ్నం ఎగిరే విమానానికి కదా? ఇక్కడి నుంచి బెంగళూరుకు గంట ప్రయాణం. ట్యాంకు నిండా ఇంధనం ఎందుకు పోస్తారు? పొద్దున ఆరింటికి నడిపితే వేడి కూడా ఉండదు. పైగా శంషాబాద్ మనకు గంటన్నర దూరం. దానికి 150 కిలోమీటర్ల లోపు కొత్త ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం కూడా ఉంది. ఎంతమంది ఎక్కుతారో తెలియనప్పుడు 1,500తో మొదలుపెట్టడమే న్యాయం.

రిటైర్డ్ ఏఈ, మహబూబ్‌నగర్:
ఇంధనం మాట నిజమే, దానివల్ల దూరం కొంత తగ్గుతుంది. టైం మాట మాత్రం ఒప్పుకోను. ఒకే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, మనకు ఏ టైం దొరుకుతుందో మన చేతిలో ఉండదు. వేడికి సీట్లు ఖాళీగా వదలాల్సి వస్తే కంపెనీ ఆ సర్వీసే ఎత్తేస్తుంది. ఇంకా పెద్ద సంగతి, పరుగు మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోయినా విమానం భద్రంగా ఆగాలి, లేదంటే మిగిలిన ఇంజిన్‌తోనే లేవాలి. రన్‌వే పొడవు ఆ గండానికి సరిపోవాలి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో ఏటీఆర్‌లు దిగే రన్‌వే 2,000 మీటర్లు. ఊరికే వేయలేదు.

కోయిల్‌సాగర్ ఆయకట్టు:
అంటే 2,000 మీటర్ల భూమి ఇస్తే సరిపోతుందా?

రిటైర్డ్ ఏఈ, మహబూబ్‌నగర్:
కాదు. రన్‌వే రెండు కొసల్లో 60 మీటర్ల చొప్పున ఖాళీ నేల, ఆపైన ఒక్కో పక్క 240 మీటర్ల భద్రతా స్థలం. పొడవునే 2,600 అవుతుంది. ఈ స్థలం అవసరం లేదని మాత్రం ఎవరూ అనకండి. 2020లో కోజికోడ్‌లో విమానం రన్‌వే దాటి లోయలోకి జారింది.

జడ్చర్ల అక్క:
నాది రైతు కుటుంబం. ఏఈ అన్న చెప్పిన 2,000కు నేను ఒప్పుకుంటా. నా భయం మూడు కిలోమీటర్ల గురించి. ఏ320 లాంటి పెద్ద జెట్ విమానానికి సముద్ర మట్టం దగ్గరే 2,100 కావాలి, ఇదే పద్ధతిలో పెంచితే ఇక్కడ 3,000 దాటుతుంది. ఎప్పుడో వస్తుందని ఆ భూమిని ఇప్పుడే కాగితాల మీద గీత గీసి వదిలేస్తే, అమ్ముకోలేం, బోరు వేసుకోలేం, బ్యాంకు అప్పు కూడా పుట్టదు. తీసుకుంటే ఒకేసారి పైసలిచ్చి తీసుకోవాలి. లేదంటే మా జోలికి రావద్దు.

కోయిల్‌సాగర్ ఆయకట్టు:
అక్క మాటే నా మాట. 1,400 అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ఏఈ సార్, చివరిగా ఒకటి: పొడవు ఏ దిక్కున పోతుంది?

రిటైర్డ్ ఏఈ, మహబూబ్‌నగర్:
గాలిని బట్టి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. వానాకాలం పడమటి గాలి మనకూ అదే. అధికారులు వచ్చినప్పుడు ఏ విమానానికి, ఎంత బరువుకు, ఎన్ని డిగ్రీలకు లెక్క వేశారో అడుగు. ఆ కొసలు ఏయే సర్వే నంబర్ల దాకా పోతాయో మ్యాపు మీద చూపించమను.