పాత బేస్ గిటార్‌కు కొత్త రంగు వేయించాలా, ఉన్న పూతనే బాగుచేయించాలా?

ప్రశ్న: గుంటూరు మంద్రం

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారు గుంటూరులో చర్చి గాయక బృందంతోనూ, పెళ్ళిళ్ళ పాటకచ్చేరీల్లోనూ ఏళ్ళ తరబడి వాయించిన నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇది కంపెనీ సరుకు కాదు. 1980లలో మద్రాసులో ఒక పనివారి చేత ఆయన తన చేతికి తగ్గట్టు చేయించుకున్నారు. దాని తల మీద పేరు గానీ, మరెక్కడైనా నంబరు గానీ లేవు. చేసినవారి వివరం చెప్పగలిగిన వారు ఇంట్లో ఎవరూ మిగలలేదు.

బాడీ అంతా ముదురు ఎరుపు. మెరుపు పూతలో వెంట్రుకల్లాంటి పగుళ్ళు అడ్డంగా పాకాయి. కుడి మోచెయ్యి ఆనే అంచున రంగు పూర్తిగా అరిగిపోయి కొయ్య కనబడుతోంది. భుజానికి తగిలించుకునే రెక్సిన్ పట్టీని విప్పకుండానే పెట్టెలో ఉంచినందువల్ల కాబోలు, అది ఆనుకున్న చోట పూత మెత్తబడి వేలికి జిగురుగా అంటుకుంటోంది. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ మరలకు తుప్పు, నెక్ (మెడ) మీది అడ్డకమ్ములైన ఫ్రెట్ల అంచులకు పచ్చని చిలుము పట్టాయి. నెక్ ముందుకు వంగినందున పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగలు బాగా ఎత్తులో ఉన్నాయి. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే రెండు పికప్‌లలో బ్రిడ్జ్ వైపుది అసలు పలకడం లేదు.

విజయవాడలో ఒక దుకాణంలో చూపిస్తే, బాడీని సాండింగ్ మిషన్‌తో కొయ్యదాకా గీకించి కారు రంగు కొట్టిద్దామని, నెక్ తీసేసి రెడీమేడ్ నెక్ బిగిద్దామని చెప్పారు. పెదనాన్న గారు వాయించిన వాద్యంగానే దీన్ని మళ్ళీ చర్చిలో వాయించాలని నా కోరిక. ఏది ఉంచాలో, ఏది మార్చాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా ప్రార్థన.

జవాబు: తీగల పెట్టె, విజయవాడ

నమస్కారమండి. ముందుగా ఒక మనవి. సాండింగ్ మిషన్‌ను దాని దరిదాపులకు కూడా రానివ్వకండి. కంపెనీ గిటార్ అయితే నంబరును బట్టి ఏ ఏట చేశారో, ఏ పూత వేశారో తెలుసుకోవచ్చు గానీ, ఇలా చేయించుకున్న వాద్యానికి ఒంటి మీద మిగిలిన గుర్తులు తప్ప వేరే దస్తావేజు ఉండదు, గీకితే ముందుగా పోయేవి ఆ గుర్తులే. తీగలు వదులు చేసి, వెనుక మరలు విప్పి నెక్‌ను బయటికి తీయండి. నెక్ కూర్చునే గాడిలోనూ, నెక్ మడమ మీదా, పికప్‌ల కింది గుంటల్లోనూ పనివారు పెన్సిల్‌తో కొలతలో, పేరో, తేదీయో రాయడం పరిపాటి. పగటి వెలుతురులో అన్నిటినీ ఫోటోలు తీసుకోండి.

పూత సంగతికి వస్తే, రెక్సిన్ పట్టీ ఆనిన చోట జిగురైందన్న ఒక్క మాటతోనే అది నైట్రోసెల్యులోజ్ లక్కర్, అంటే మన ఫర్నిచర్ పనివారు ఎన్‌సీ లక్కర్ అనేదే అయివుంటుందని నాకు అనిపిస్తోంది. రెక్సిన్‌ను మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం ఎన్‌సీ లక్కర్‌లోకి దిగి దాన్ని కరిగిస్తుంది. పాలీయురిథేన్ పూతకు సాధారణంగా ఆ గతి పట్టదు. రూఢి చేసుకోవడానికి పికప్ గుంటలో, పైకి కనబడని చోట, దూదిపుల్లతో ముందు స్పిరిట్, అది ఆరాక మరోచోట ఎన్‌సీ థిన్నర్ రాసి చూడండి. స్పిరిట్‌కే కరిగితే లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించకుండా థిన్నర్‌కు కరిగితే ఎన్‌సీ లక్కర్. రెండింటికీ లొంగకపోతే పాలీయురిథేన్ లేదా పాలియెస్టర్ అనుకోవచ్చు.

రెడీమేడ్ నెక్ విషయంలో మాత్రం ఖండితంగా వద్దంటాను. తల దగ్గర తీగలు ఆనే గాళ్ళ పట్టీ అయిన నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు కొలిచి రెట్టింపు చేస్తే తీగ పలికే పొడవు వస్తుంది. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌ను 34 అంగుళాలతో తెచ్చినప్పటి నుంచి ఎక్కువ బేస్‌లకు అదే కొలత, అంగడిలో దొరికే నెక్‌లూ దానికి తగినవే. ఫ్రెట్ల ఎడం అంతా ఆ పొడవును బట్టి లెక్కగట్టినది కాబట్టి, వేరే పొడవుకు బిగించిన బ్రిడ్జ్ ముందు 34 అంగుళాల నెక్ పెడితే పై ఫ్రెట్లకు వెళ్ళేకొద్దీ శ్రుతి తప్పుతుంది. చేతికి తగ్గట్టు చేయించుకున్నారన్నారు గనుక, కొలవకుండా ఏ నిర్ణయమూ వద్దు.

జవాబు: పనస కొయ్య, నూజివీడు

మాది వీణల పని చేసే ఇల్లు. గిటార్ పని మాకు కొత్తే అయినా కొయ్యా, పూతా రెండుచోట్లా ఒకటే గనుక రాస్తున్నాను.

మోచేతి దగ్గర బయటపడిన కొయ్యను ఇంకా అలాగే వదిలేయకూడదు. కృష్ణా తీరపు వానాకాలంలో పచ్చి కొయ్య తేమను పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది, ఆ కదలికకు అంచున మిగిలిన పూత రేకులుగా లేస్తుంది. దానికోసం ఒళ్ళంతా గీకనక్కరలేదు. ఆ మేర సన్నని గరుకు కాగితంతో చేత్తో నునుపు చేసి, మైనం తీసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పలుచగా పూస్తే చాలు. కొయ్య టేకు అయితే అందులోని సహజమైన నూనె పై పూతను సరిగా పట్టనివ్వదు కాబట్టి, ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే లక్క పూయాలి. లక్క నూనెను లోపలే ఆపుతుంది, దాని మీద దాదాపు ఏ పూతైనా నిలుస్తుంది.

అరిగినచోట ఎరుపు వేయాలా అంటే, నా అభిప్రాయంలో వద్దు. కొత్త ఎరుపు పాత ఎరుపులో ఎంత ప్రయత్నించినా కలవదు. పైగా ఆ అరుగుదల ఆయన చెయ్యి ఆనిన చోటు. రంగులేని పూతతో కాపాడి వదిలేయండి.

ఏ కొంచెం గీకినా తడిపి గీకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల్లో 90 వంతులకు) మించకూడదన్న నియమం మన దేశంలో అమలైంది 2017 నవంబరులో. అంతకు ముందటి ఎరుపు, పసుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ.

జవాబు: మల్టీమీటర్, తెనాలి

పలకని పికప్ గురించి రెండు మాటలు. దాని రెండు తీగలనూ స్విచ్చుల నుంచి విడదీసి మల్టీమీటర్‌ను 20 కిలోఓమ్‌ల దగ్గర పెట్టి చూడండి. బాగున్న బేస్ పికప్ సాధారణంగా 5 నుంచి 12 కిలోఓమ్‌ల మధ్య చూపిస్తుంది. ఏమీ చూపకపోతే పికప్‌లోని రాగి తీగ చుట్ట తెగినట్టే. అయినా వెంటనే కొత్తది కొనకండి. చుట్టలో వాడే రాగి తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, ఇంచుమించు తల వెంట్రుకంత పలుచన. అది ఎక్కువగా తెగేది లోపల కాదు, బయటి తీగకు అతికిన సోల్డర్ దగ్గర. భూతద్దం పెట్టి చూస్తే ఆకుపచ్చగా చిలుము పట్టిన చుక్క కనబడుతుంది. అక్కడ ఒక చుట్టు విప్పి మళ్ళీ అతికితే చాలాసార్లు ప్రాణం వస్తుంది. చుట్ట నేరుగా అయస్కాంతపు కడ్డీల మీదే ఉండి, ఆ కడ్డీలు తుప్పుపట్టి తీగను లోపల తిన్నాయనుకుంటే మాత్రం తిరిగి చుట్టించవలసిందే. ఫ్యాన్లు, మోటార్లు చుట్టేవారి మిషన్ ఇంత సన్నని తీగకు పనికిరాదు, పికప్‌లు చుట్టేవారికే పంపండి.

వాయించే ముందు ఆంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, ఆ సాకెట్‌కు నిజమైన ఎర్త్ ఉన్నాయో లేదో చూసుకోండి. తీగలు బ్రిడ్జ్ ద్వారా ఆంప్లిఫయర్ చాసిస్‌కు (లోహపు చట్రానికి) కలిసి ఉంటాయి కాబట్టి, చర్చి వేదికల మీద ఎర్త్ లేని బోర్డుతో మైకు ముట్టుకున్నప్పుడు షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

తిరిగి: గుంటూరు మంద్రం

మీ అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే చేసి చూశాను. నెక్ గాడిలో పెన్సిల్‌తో తమిళంలో రెండు అక్షరాలు, వాటి కింద 16 అని అంకె ఉన్నాయి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు సరిగ్గా 16 అంగుళాలు రావడంతో ఆ అంకె అర్థం తెలిసింది. అంటే ఇది 32 అంగుళాల బేస్. పూత స్పిరిట్‌కు చలించలేదు, థిన్నర్‌కు దూది ఎర్రబడింది. బ్రిడ్జ్ రేకు కింద కొయ్య టేకులాగే కనబడుతోంది. నెక్ వైపు పికప్ 7.4 చూపింది. బ్రిడ్జ్ వైపుది ఏమీ చూపలేదు గానీ, సోల్డర్ దగ్గర మీరు చెప్పిన పచ్చని చుక్క ఉంది. తల మీద చిన్న మూత తీస్తే నెక్ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీ, అంటే ట్రస్ రాడ్, మర కూడా కనబడింది. ఇక ఏ క్రమంలో పని మొదలుపెట్టాలి?

జవాబు: తీగల పెట్టె, విజయవాడ

ఆ 16 అంకె చూసి చాలా సంతోషించాను. మిషన్ పెట్టి ఉంటే అది పొడిలో కలిసిపోయేది.

ముందు నెక్, తరువాత పికప్, ఆఖరున పూత. నెక్ తిరిగి బిగించి, మీడియం స్కేల్ అని రాసి ఉన్న 32 అంగుళాల తీగలే తెప్పించండి. శ్రుతి చేశాక ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కిపెట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద తీగ కింది సందు చూడాలి. అది సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. ట్యాపెట్లు సర్దడానికి మెకానిక్‌లు వాడే, సందు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్ ఆటోనగర్‌లో దొరుకుతుంది, ఈ పనికి అదే సరిపోతుంది. సందు ఎక్కువైతే తీగలు వదులు చేసి, ట్రస్ రాడ్ మరను కుడివైపుకు పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి రాత్రంతా వదిలేయండి. నాలుగు తీగలు కలిసి 60 కిలోలకు పైగా బరువుతో లాగుతుండగా చాలాకాలం వంగి ఉన్న నెక్ ఒక్కసారిగా సరికాదు. మర బిగుసుకుపోయి కదలకపోతే బలం పెట్టకుండా ఆపేయండి.

పూత ఎన్‌సీ కావడం మీ అదృష్టం. కొత్తగా వేసే ఎన్‌సీ లక్కర్ పాతదాన్ని కొద్దిగా కరిగించి దానిలోనే కలిసిపోతుంది కాబట్టి, పాడైన చోట మాత్రమే బాగుచేయవచ్చు. పాలీయురిథేన్‌తో అది సాధ్యపడదు. పట్టీ దగ్గర జిగురైన పొర తిరిగి గట్టిపడదు, దాన్ని బ్లేడు అంచుతో మెల్లగా తీసేసి, ఆ పల్లాన్ని పలుచని పూతలతో నింపాలి. మోచేతి దగ్గర నూజివీడు వారు చెప్పిన లక్క మీద రంగులేని ఎన్‌సీ వేయండి. సన్నని పగుళ్ళను అలాగే ఉండనివ్వండి.

అయితే ఈ వానల్లో స్ప్రే మొదలుపెట్టకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లగా పొగ కమ్ముతుంది. మే నెల ఎండల్లో అయితే చుక్కలు బాడీని తాకేలోపే ఆరిపోయి నారింజ తొక్కలా గరుకుగా నిలుస్తాయి. జనవరి, ఫిబ్రవరి మధ్యాహ్నాలు అన్నిటికంటే మంచివి. గాలి ఆడే చోట, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని వేయండి. ఆఖరి పూత తరువాత కనీసం నెల రోజులు ఆగి, 1000, 1500, 2000 నంబరు కాగితాలతో తడిపి రుద్ది, ఆపైన మెరుగుపెట్టే కాంపౌండ్ పట్టించండి. పట్టీ మాత్రం ఇకనుంచి నూలుదో తోలుదో వాడండి, వాయించడం అయ్యాక దాన్ని విప్పి వేరుగా పెట్టండి.