రెండు చోట్లా ‘సామర్థ్యం’ అని రాస్తే ఎలా?

2023 డిసెంబరులో దుబాయ్ వాతావరణ సదస్సులో దేశాలన్నీ ఒప్పుకున్న వాక్యం ఇది: 2030 కల్లా ప్రపంచంలో పునరుత్పాదక ఇంధన సామర్థ్యాన్ని మూడు రెట్లు చేయాలి, ఇంధన సామర్థ్యం మెరుగుపడే వేగాన్ని రెండు రెట్లు చేయాలి.

తెలుగులో ఇలా చదివితే చెప్పిందే మళ్లీ చెప్పినట్టుంది. నిజానికి అవి రెండు వేర్వేరు దారులు. మొదటిది ఇంగ్లీషులో కెపాసిటీ, ఎన్ని మెగావాట్ల ప్లాంట్లు పెట్టామన్న లెక్క. రెండోది ఎఫిషియెన్సీ, అదే పనికి ఎంత తక్కువ కరెంటు పట్టిందన్న లెక్క. ఈ రెండోదే మన వార్తల్లో కనబడకుండా పోతోంది, నా బాధ అదే.

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. రాత్రీ పగలూ తిరిగితే రోజుకు ఒక యూనిట్ మిగులుతుంది. అది బొగ్గు కరెంటైతే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగినట్టే. ఇంత పెద్ద విషయానికి సొంత మాట ఉండొద్దా?

తెలుగు మీడియం ఫిజిక్స్‌లో ‘దక్షత’ అని చదువుకున్నాం. అదే వాడదామంటాను.

ఒక మిత్రుడి జవాబు: దక్షత అంటే మనిషి సమర్థత అనుకుంటారేమో గురువుగారూ. ‘పొదుపు’ చాలదా? బండికైతే అందరూ మైలేజీ అనే అంటారు.

నేను: పొదుపు వేరండీ. ఫ్యాను కట్టేసి ఉక్కలో కూర్చోవడం కూడా పొదుపే. ఇక్కడ గాలి తగ్గకూడదు, కరెంటే తగ్గాలి. మైలేజీ చక్కటి మాటే కానీ మోటారుకీ ఫ్రిజ్‌కీ అతకదు, వాటికి జనం ‘కరెంటు తక్కువ కాలుతుంది’ అంటారు. హెడ్డింగులో ‘ఇంధన దక్షత’ పెట్టి, కింద ఆ వాడుక మాటతో విడమరిస్తే సరిపోతుంది.

ఇంకో మిత్రుడి జవాబు: సామర్థ్యంతో ఇంకో చిక్కూ ఉంది సార్. కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు అనగానే ఇరవై నాలుగు గంటలూ అంత కరెంటు వస్తుందనుకుంటున్నారు.

నేను: అవును, రాత్రి సున్నా. అందుకే ‘స్థాపిత సామర్థ్యం’ అని పూర్తిగా రాసి, పక్కనే ఏడాదికి ఎన్ని యూనిట్లు వచ్చాయో ఇవ్వాలి. పత్రికల్లో పనిచేసే మిత్రులు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీ డెస్కులో ఇప్పుడు ఏ మాట వాడుతున్నారో చెప్పండి.